నలభై ఎనిమిదో సంచికలో నా పేరు

జూన్ 8, ఆదివారం

ఝంకార్ చావలేదట.

కొత్తగా మళ్లీ మొదలైన ‘చక్రవాత్’ బొమ్మల కథల్లో ఐదో సంచిక ఇవాళ వచ్చింది, అందులో రాశారు. ఆనాడు వంతెన మీద చచ్చిపోయింది ఆమె కాదట, శత్రువులు చేసిన ఇనుప బొమ్మట. అసలు ఝంకార్ ఇన్నేళ్లూ ఎక్కడో మంచుకొండల్లో దాక్కుని ఉందట.

పాత అరవై ఒకటో సంచిక నాకు పేజీ పేజీ గుర్తుంది. తొంభై ఎనిమిది, వానాకాలం. నాందేడ్ స్టేషన్‌లో పుస్తకాల దుకాణంలో కొని, ఇంటికి వెళ్లే ఓపిక లేక అక్కడే బల్ల మీద కూర్చుని చదివాను. రైలు పట్టాకు చెవి ఆనించి, వంతెన కూలబోతోందని విని, ఎదురొచ్చే బండిని ఆపడానికి ఆ పిల్ల పరుగెత్తుతుంది. బండి ఆగుతుంది. వంతెన కూలుతుంది. హీరో చక్రవాత్ గాలిని పిలిచేసరికి ఆలస్యమైపోతుంది. ఆఖరి పేజీలో ఒక్క మాట లేదు. నీళ్లలో తేలుతున్న ఒక చెప్పు, అంతే.

ఇప్పుడు ఆ చెప్పు ఇనుప బొమ్మది!

ఇక్కడే నాందేడ్ వజీరాబాద్‌లో నిలేశ్ మొబైల్ దుకాణానికి వెళ్లాను. మా చక్రవాత్ వాట్సాప్ గ్రూపు నడిపేది అతనే, నలభై ముగ్గురం ఉన్నాం. గిరాకీని నిలబెట్టి మరీ నాతో మొత్తుకున్నాడు. “ఇరవై ఏడేండ్ల సంది ఇనుప బొమ్మ కోసం ఏడ్చినమా, భావూ? మనల్ని పాగల్ అనుకుంటున్నరా వీళ్లు?”

నాకు మిగతావాళ్లకంటే ఎక్కువ మండుతుంది. మండాలి కూడా. ఝంకార్ నాది. నలభై ఎనిమిదో సంచికలో ఆమె మొదటిసారి వచ్చినప్పుడు మొదటి పేజీ అడుగున గడి కట్టి వేశారు: ‘ఝంకార్ ఊహ, రూపం: అనంతరాములు, రైల్వే క్వార్టర్స్, నాందేడ్.’ అప్పుడు నాకు పదమూడేళ్లు. నాన్న ఆ పేజీని ఆఫీసంతా తిప్పి చూపించాడు. నిజామాబాద్ నుంచి వచ్చిన గుమాస్తా కొడుకు పేరు దేశమంతా అచ్చయింది. గ్రూపులో ఇప్పటికీ నన్ను ‘ఝంకార్ బాబా’, అంటే ఝంకార్ తండ్రి, అనే పిలుస్తారు.

చచ్చిపోయిన పిల్లను బతికించే ముందు కన్నవాణ్ని అడగరా?

జూన్ 10

చక్రవాత్ అచ్చువేసే కంపెనీకి మెయిల్ పంపాను. జవాబు లేదు.

జూన్ 12

జవాబు లేదు. కావాలనే.

జూన్ 14, శనివారం

పార్సిల్ ఆఫీసులో పని మీద మనసు లేదు. మధ్యాహ్నం నిలేశ్ ఫోన్ చేశాడు. పాత సంచికలన్నీ కంపెనీ తన యాప్‌లో పెట్టిందట, ‘సవరించిన ప్రతులు’ అని. సవరించడానికి వీళ్లెవరు?

నలభై ఎనిమిది తెరిచాను. గడి ఉంది. నా పేరు లేదు.

‘ఝంకార్ ఊహ, రూపం: నాందేడ్‌కు చెందిన ఒక చిన్నారి పాఠకురాలు.’

మూడుసార్లు మూసి తెరిచాను. పాఠకురాలు. ఆడపిల్ల అని వాళ్లకు ఎవరు చెప్పారు?

జూన్ 15, ఆదివారం

నిన్న రాసింది సరిగా కుదరలేదు. ‘ఎవరు చెప్పారు’ అంటే, ఎవరో వాళ్లకు అబద్ధం నూరిపోశారని నా ఉద్దేశం.

నవ్య రంగులు వేసింది. అంతవరకు నిజం. అప్పుడు దానికి పదకొండేళ్లు. అన్న నోటుబుక్కులో చెల్లెలు రంగులు వేయడం ఏ ఇంట్లో లేదు? ఆ మాటకొస్తే రంగు పెన్సిళ్లు నావి.

జూన్ 16

పట్టాకు చెవి పెట్టే ఆలోచన కూడా నవ్యదే కావచ్చు. క్వార్టర్స్ వెనక పట్టాల మీద పడుకుని వినేది, నాన్న చేత దెబ్బలు తినేది. కానీ ఆలోచన వేరు, పాత్ర వేరు. దానికి ఝంకార్ అని పేరు పెట్టింది నేను. పోస్టులో వేసింది నేను.

జూన్ 17

కంపెనీకి చెప్పింది ఎవరు? కాగితం మీద పేర్లు రాసుకున్నాను.

నిలేశ్. నా దగ్గరున్న పాత ప్రతిని ఫొటో తీసుకున్నది అతనొక్కడే. ‘ఝంకార్ బాబా’ అని పిలిచేటప్పుడు పెదవి కొంచెం వంకర పోతుంది, ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. కానీ నవ్య సంగతి అతనికి తెలియదు.

నవ్య సంగతి తెలిసింది ఇద్దరికే. నాకు, నవ్యకు.

సాయంత్రం గ్రూపులో రాశాను: ‘నాందేడ్‌లోనే ఉంటూ ఎవరో ఒక ఆడమనిషి పేరు కోసం కంపెనీకి అబద్ధం చెప్పింది. ఇరవై ఎనిమిదేళ్ల చరిత్రను చెరిపేస్తోంది. ఇలాంటివాళ్లను ఊరుకోవద్దు.’ పది నిమిషాల్లో ముప్పై మంది సరేనని బొటనవేలి గుర్తు పెట్టారు. ఒకతను ఆమె ఎవరో కనిపెట్టి ఇంటి ముందు నిలబడదామన్నాడు. నేను వద్దనలేదు.

జూన్ 19

అన్నం పెడుతూ కోమల్ అడిగింది. “గ్రూపుల రాసినవ్ గదా, గా ఆడమనిషి ఎవలు?”

నా ఫోన్ చూస్తోందన్నమాట.

“నీకెందుకు?” అన్నాను.

“నాకెందుకంటె, నవ్య నాకు జెప్పింది. మన పెండ్లైన కొత్తల. గా బొమ్మ నేనే గీసిన వదినా, అన్న పేరు పడ్డది అని. నవ్వుకుంటనే జెప్పింది. నేను గుడ నవ్విన.”

పదహారేళ్లుగా నాతో కాపురం చేస్తూ ఈ ముక్క నాకు చెప్పలేదు. ఇద్దరూ నవ్వుకున్నారట! ఇంకా ఎవరెవరితో నవ్వుకున్నారో.

కాగితం మీద కోమల్ పేరు కూడా రాశాను.

జూన్ 20

రేపు నవ్య వస్తోంది. కళ్లద్దాల కోసమట. ఇదే జిల్లాలో తనుండే హిమాయత్‌నగర్‌లో కళ్ల డాక్టరే దొరకలేదా? సరిగ్గా ఇప్పుడే ఎందుకు?

జూన్ 22, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న నవ్య కళ్లు చూపించుకుంది. అద్దాలు గురువారానికి ఇస్తామన్నారు. రాత్రి అందరం మామూలుగానే తిన్నాం. హిమాయత్‌నగర్ దగ్గర తను పనిచేసే జిల్లా పరిషత్ బడి కబుర్లు చెప్పింది. కొత్తగా చేరిన ఒక పిల్లవాడు మరాఠీ రాదు, తెలుగు రాదు, గోండీలో ఏడుస్తాడట. కోమల్ నవ్వింది. నేను నవ్య ముఖమే చూస్తున్నాను. ఒక్కసారి కూడా కంపెనీ మాట ఎత్తలేదు. అంత జాగ్రత్తగా ఎత్తకపోవడమే నాకు నచ్చలేదు.

ఇవాళ పొద్దున తను స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ బల్ల మీద ఉంది. దానికి తాళం కూడా పెట్టుకోదు. మెయిళ్లు చూశాను. వాట్సాప్ చూశాను. కంపెనీ పేరు పెట్టి వెతికాను. ఏమీ దొరకలేదు. హాజరు పట్టికలు, పిల్లలు కిచిడీ తింటున్న ఫొటోలు, నల్లబల్ల ఫొటోలు. నల్లబల్ల మీద గుండెకాయ, బావి గిలక, పత్తికాయ విచ్చుకోవడం, అన్నీ సుద్దతో వేసినవే. పాఠం కోసం వేసినవి. అంతకు మించి ఒక్క బొమ్మ లేదు. చెరిపేసిందేమోనని చెత్తబుట్ట కూడా తెరిచాను.

“ఏం దేవులాడుతున్నవ్ అన్నా?”

తలకు తువ్వాల చుట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

“టైం సూస్తున్న,” అన్నాను.

“గోడకు గడియారం ఉన్నది గద.”

ఫోన్ చాచాను. తీసుకోలేదు. వచ్చి ఎదురుగా కూర్చుంది. “ఇంక మిగిలింది గుడ సూడు. మొత్తం సూసినంక ఇయ్యి.”

అడిగేశాను ఇక. “కంపెనీకి నువ్వే రాసినవా? ఝంకార్‌ను నువ్వు గీసినవని?”

వంటింట్లో కోమల్ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

నవ్య తలకు చుట్టిన తువ్వాల విప్పి మడతపెట్టింది. తర్వాత, “గిప్పుడైతె రాయలే,” అంది.

టీ తాగింది. సంచీ సర్దుకుంది. సాయంత్రం వెళ్లాల్సిన మనిషి మధ్యాహ్నం బండికే వెళ్లిపోయింది. నేను స్టేషన్‌కు వెళ్లలేదు.

గిప్పుడైతె రాయలే. అంటే?

జూన్ 23

కోమల్ నాతో మాట్లాడడం లేదు.

జూన్ 24

నవ్య అబద్ధం ఆడదు, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే ఆ ‘గిప్పుడైతె’ నన్ను వదలడం లేదు.

కంపెనీకి ఇంకో మెయిల్ పెట్టాను. కోర్టుకు వెళ్తానని రాశాను. నలభై ఎనిమిదో సంచిక మొదటి పేజీ ఫొటో జతచేసి నా నంబరు ఇచ్చాను. వకీలు లేడు, ఉన్నాడని రాశాను.

జూన్ 27, శుక్రవారం

ఫోన్ వచ్చింది. పుణె నుంచి, శుభాంగి అట. చిన్న గొంతు. నన్ను ‘దాదా’ అని పిలుస్తూ మరాఠీలో మాట్లాడింది.

ముందు ఇనుప బొమ్మ సంగతి మీద కేకలేశాను. ఓపికగా విన్నది. “నాకూ నచ్చలేదు దాదా,” అంది. “మా అమ్మ ఆ అరవై ఒకటో సంచిక దాచుకుంది. కానీ కథలు రాసేవాళ్లు వేరు. నేను పాత ఉత్తరాలు సర్దే మనిషిని. పాత ఆఫీసు ఖాళీ చేసినప్పుడు పదకొండు గోనె సంచులు దొరికాయి.”

“నా పేరు ఎవరు చెబితే తీశారు?”

“ఎవరూ ఇప్పుడు చెప్పలేదు. ఒక పోస్టుకార్డు దొరికింది. తొంభై ఏడు ఫిబ్రవరిది. నాందేడ్ నుంచి నవ్య అనే పాప రాసింది. మీకేమైనా తెలుసా దాదా? ఆమె అనుమతి లేకుండా పేరు వేయకూడదని ‘పాఠకురాలు’ అని మాత్రం వేశాం. చిరునామా మీదే ఉంది, అదే రైల్వే క్వార్టర్స్.”

తెలియదని చెప్పబోయాను. కానీ “నా చెల్లెలు,” అన్నాను.

“కార్డు ఫొటో పంపనా?” అంది.

పంపమన్నాను.

జూన్ 28

హిందీలో ఉంది. వంకర అక్షరాలు, కొమ్ములన్నీ తలకిందులు. ఎన్నిసార్లు చదివానో. ఇక్కడ రాసి పెట్టుకుంటాను.

‘సంపాదకుడు గారికి నమస్తే. ఝంకార్‌ను నేను గీశాను. నేను రోజూ పట్టాకు చెవి పెట్టి వింటాను. ముద్‌ఖేడ్‌లో బండి కదిలితే నాకు తెలుస్తుంది. పోస్టులో అన్న వేశాడు, అందుకే అన్న పేరు పడింది. అన్న మంచోడు. నా పేరు కూడా వేయండి. అన్న పేరు తీసేయకండి. మీ నవ్య, ఐదో తరగతి.’

మూలన పెద్దవాళ్ల చేతిరాతలో, పెన్సిల్‌తో: ‘జవాబు ఇచ్చాం. 14 మార్చి.’

శుభాంగి కింద ఒక మాట రాసింది: ‘ఆ జవాబు నవ్యగారికి అందిందా దాదా? మా దగ్గర నకలు లేదు.’

ఫోన్ బోర్లా పెట్టేశాను.

జూన్ 29, ఆదివారం

నవ్య కళ్లద్దాలు తీసుకుని ఆదిలాబాద్ బండిలో హిమాయత్‌నగర్ వెళ్లాను. వెళ్లడానికి అద్దాలు ఒక సాకు దొరికింది.

నవ్య భర్త గోవింద్ సోయా విత్తడానికి పొలం వెళ్లాడు. ఇంట్లో తనొక్కతే. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, సంతోషించలేదు. మంచినీళ్లు ఇచ్చింది. అద్దాలు పెట్టుకుని, “గిప్పుడు నీ మొకం మంచిగ కనవడుతున్నది,” అంది. నవ్వలేదు.

నా ఫోన్‌లో కార్డు చూపించాను.

చదువుతూ చదువుతూ చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. “నా అక్షరాలే. అయ్యో, నమస్తే గుడ తప్పు రాసిన సూడు.” రెండు వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చదివింది. మూల దగ్గర ఆగింది.

“జవాబు ఇచ్చినమని ఉన్నది. అచ్చిందా అన్నా?”

“రాలె.”

“క్వార్టర్ల టపా మొత్తం నువ్వే గద తెచ్చేటోనివి, గేటు కాడికెళ్లి.”

“రాలేదంటున్న గద.”

“సరే,” అంది. ఫోన్ నాకు ఇచ్చేసింది. “రెండేండ్లు సూసిన. టపాలాయన సైకిల్ గంట ఇనవడుతె ఉరికేదాన్ని. నువ్వు నాకన్న ముందుగాల ఉరికేటోనివి. అన్నకు గింత ఆత్రం ఎందుకో అనుకునేదాన్ని.”

తర్వాత జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. తిన్నాను. ఎలా తిన్నానో తెలియదు.

జూన్ 30

రాలేదు. తప్పిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో ఎన్ని ఉత్తరాలు తప్పిపోయేవి కాదు!

జూలై 1, మంగళవారం

జవాబు వచ్చింది.

హోలీకి ముందా తర్వాతా గుర్తులేదు. చక్రవాత్ ముద్ర ఉన్న నీలం కవరు. పైన ‘కుమారి నవ్య’ అని టైపు చేసి ఉంది. మా ఇంటికి ఆమె పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అదే. గేటు దగ్గరే చింపి చదివాను. మళ్లీ మళ్లీ చదివాను. ఇంటి వెనక నీళ్లు కాగే పొయ్యిలో పెట్టాను. ఆ నీళ్లతోనే స్నానం చేసి బడికి వెళ్లాను.

వాళ్లు అడిగింది నా దగ్గర నుంచి ఒక్క వాక్యం. బొమ్మ నా చెల్లెలు గీసిందని. అంతే. కానీ అప్పటికి నాన్న ఆఫీసంతా చెప్పేశాడు. మాస్టారు ప్రార్థనలో నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఆ ఒక్క వాక్యం రాస్తే నేను ఏమవుతాను?

రంగులు కాదు, మొత్తం నవ్యే గీసింది. జడలు, చెప్పులు, చెవి, అన్నీ. ఝంకార్ అన్న పేరు కూడా. ‘పట్టాల చెవి పెడితె గట్ల ఇనిపిస్తది అన్నా’ అని అదే చెప్పింది. నేను బిళ్ల అంటించి డబ్బాలో వేశాను.

ఇది ఎప్పుడూ ఎక్కడా రాయలేదు నేను. ఈ డైరీలో కూడా మూడు వారాలుగా దొంగ రాతలే రాశాను.

జూలై 2

నిలేశ్ దుకాణానికి వెళ్లి చెప్పాను. గ్రూపులో రాయడం కంటే ముఖం చూసి చెప్పడం నయమనిపించింది. ముందు నవ్యకు చెప్పాల్సింది. ధైర్యం చాలక ముందు ఇతనికి చెప్పాను.

విన్నంతసేపూ ఎవరిదో ఫోన్ అద్దం తుడుస్తూనే ఉన్నాడు. “అంటె గా ఆడమనిషి నీ సొంత చెల్లెనా?”

“అవును.”

“మరి గిన్ని దినాలు కథలు మార్చద్దని మా అందరితోని కొట్లాడిపిచ్చినవ్ గదా, భావూ. మొదలు మార్చినోనివి నువ్వే గద.”

ఇతని మీద కూడా అనుమానపడ్డానని చెప్పలేదు. ఆ కాగితం చింపేశాను.

సాయంత్రానికి నన్ను గ్రూపు నుంచి తీసేశాడు. తీసే ముందు ఏం రాశాడో తెలియదు.

కోమల్‌కు కూడా చెప్పాను. “నాకు జెప్పుడు ఎందుకు,” అంది. “బండి ఎన్నింటికి ఉన్నదో సూస్కో.”

జూలై 4, శుక్రవారం

సెలవు పెట్టి వెళ్లాను. నేరుగా బడికే. హిమాయత్‌నగర్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాను. దారి పొడుగునా నల్లరేగడి, అప్పుడే మొలకలు.

మధ్యాహ్న భోజనం వేళ. నవ్య వరండాలో పిల్లలకు కిచిడీ వడ్డిస్తోంది. నన్ను చూసి గరిటె పక్క టీచరుకు ఇచ్చి వచ్చింది. చేతులకు సుద్ద.

“ఏమాయె? వదిన మంచిగున్నదా?”

“మంచిగున్నది. జవాబు అచ్చింది నవ్యా. గప్పుడు. నీ పేరు మీదనే అచ్చింది. నేను కాలవెట్టిన.”

వరండా అంచు మీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు. ఒక పాప పళ్లెం పట్టుకుని వచ్చి మరాఠీలో ఇంకొంచెం కావాలంది. వెళ్లి ఆ టీచరును అడుగు అని పంపించింది.

“ఏం రాసిండ్రు అండ్ల?”

చెప్పాను. వెతుక్కోవలసిన పని లేదు, ప్రతి మాటా నోటికి వచ్చు. ఒక్కసారి చదివి కాల్చిన కాగితమైతే ఎలా వస్తుందో ఆమె అడగలేదు. నేనే చెప్పాను, కాల్చే ముందు పదిసార్లు చదివానని. “ప్రియమైన నవ్యా, నీ కార్డు అందింది. పట్టాకు చెవి పెట్టిన పిల్ల గీసిన బొమ్మే ఇది, సందేహం లేదు అన్నాడు మా చిత్రకారుడు. నీ మాట నమ్ముతున్నాం. మీ అన్నయ్య చేత ఒక్క వాక్యం రాయించి పంపు. వచ్చే సంచికలో ఇద్దరి పేర్లూ వేస్తాం. ఝంకార్ నీకు ఎలా వినిపిస్తుందో ఇంకో బొమ్మ గీసి పంపు. ఎదురుచూస్తుంటాం.”

నవ్య కొత్త అద్దాలు తీసి కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

“మళ్ల జెప్పు,” అంది.

మళ్లీ చెప్పాను.

“నేను ఏమనుకున్ననో ఎరికేనా?” అంది. “బొమ్మ గంత మంచిగ లేకుండె, అందుకే నమ్మలేదు అనుకున్న. పదకొండేండ్ల దాన్ని. బొమ్మలు గీసుడు గాడికే బందు పెట్టిన.”

“నవ్యా, నేను కంపెనీకి రాస్త. గా వాక్యం గిప్పుడు రాస్త. నీ పేరు...”

“గా పిల్ల నంబరు ఇయ్యి నాకు. శుభాంగిది.” ఇచ్చాను. ఫోన్‌లో వేసుకుంది. “నువ్వు రాసేది ఉంటె రాస్కో. పేరు ఎయ్యాల్నో వద్దో నేను మాట్లాడుకుంట. గిప్పటికెళ్లి నువ్వు నడిమిట్ల రాకు అన్నా.”

సరే అన్నాను.

గంట కొట్టారు. పిల్లలు పళ్లాలు కడుక్కుని లోపలికి పరుగెత్తారు. నవ్య లేచి చీర దులుపుకుంది. నాతో బండికి టైమైందని గానీ, మళ్లీ రమ్మని గానీ అనలేదు. తరగతి గుమ్మం దాకా వెళ్లి, లోపల అరుస్తున్న పిల్లల్ని చేత్తో ఆగమని, నా వైపు తిరిగింది.

“నిజంగనే ఇంకో బొమ్మ పంపుమన్నరా?”

“పంపుమన్నరు,” అన్నాను.

లోపలికి వెళ్లింది.